చాప పరిచినంత చోటు

గత వేసవిలో అమ్మా నాన్నా కాకినాడ నుంచి సియాటిల్ వచ్చారు. నాన్న మోకాళ్ళు ఎక్కువ నడకకి ఒప్పుకోవు. అందుకని కొండలూ జాతీయ పార్కులూ పక్కనపెట్టి, ఏడు రోజుల అలాస్కా క్రూజ్ బుక్ చేద్దామనుకున్నాను. ఓడా, తేదీ అరగంటలో తేలిపోయాయి. గది తేలడానికి మూడు రాత్రులు పట్టింది.

కిటికీ లేని లోపలి గది, కిటికీ ఉన్న గది, బాల్కనీ గది, సూట్. ఈ నాలుగు రకాలూ నాకు తెలుసు. బాల్కనీ గది మీద నొక్కితే అందులో మళ్ళీ డజను రకాలు. ఓడ నడిమధ్యలో ఉండేది, ముందువైపుది, వెనకవైపుది. లైఫ్‌బోటు అడ్డొచ్చేది, అడ్డు రానిది. నీటికి దగ్గరగా ఓడ ఉక్కు గోడలో తొలిచినది. ఏ గదో మేమే చెప్తాం, మీరు అడగొద్దు అనే చవక రకం. ఒక్కోదానికి ఒక అక్షరం, పక్కన ఒక అంకె. ఒక అక్షరానికీ పక్క అక్షరానికీ మధ్య మనిషికి నలభై డాలర్లో ఎనభై డాలర్లో తేడా. పగలంతా ఆఫీసులో ఇలాంటి పేజీలే రాసేవాణ్ణి కాబట్టి, దాన్ని రాసినవాడి మీద కోపమూ గౌరవమూ ఒకేసారి కలిగాయి.

నాన్న నా కుర్చీ వెనక నిలబడి చూస్తున్నారు. "ఈస్ట్ ఫేసింగ్ ఉందేమో చూడరా," అన్నారు.

"ఓడ తిరుగుతుంది నాన్నా. వెళ్ళేటప్పుడు ఈస్ట్ అయితే వచ్చేటప్పుడు వెస్ట్."

"అయితే సగం రేటుకే ఇవ్వాలి కదా."

అమ్మ సోఫాలోంచి లేవకుండానే అడిగింది. "పైన డెక్కు మీదకెళ్ళి కూర్చుంటే సముద్రం కనపడదా? దానికి విడిగా డబ్బు కట్టడమేంటి?"

నాన్నకి చెప్పినట్టు అమ్మకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమె అడిగింది నిజానికి చరిత్ర ప్రశ్న. ఓడ మీద ఆరుబయలు అందరిదీ. అందులోంచి ఒక ముక్క కోసి, గదికి తగిలించి, తాళం వేసి అమ్మడం ఎప్పుడు మొదలైంది? గది బుక్ చేశాక కూడా చాలా రోజులు దీని వెంట పడ్డాను.

*

మెషీన్ లర్నింగ్ నేర్చుకునే ప్రతివాడికీ మొదట్లోనే తగిలే డేటా, టైటానిక్ ప్రయాణికుల పట్టిక. 891 వరసలుంటాయి. పేరు, వయసు, తరగతి, టికెట్టు ధర, క్యాబిన్ నంబరు, బతికారా లేదా. అందులో క్యాబిన్ అనే నిలువు వరస దాదాపు ఖాళీ. 204 మందికి మాత్రమే గది నంబరుంది, 687 మందికి లేదు. ఇన్ని ఖాళీలున్న వరస మోడల్‌కి పనికిరాదు, తీసి పారేయండి అని పాఠం చెప్పేవాళ్ళు చెప్తారు. పదేళ్ళ క్రితం నేనూ పారేశాను.

ఈసారి ఆ ఫైలు మళ్ళీ తెరిచి, ఖాళీలు ఎవరివో చూశాను. మొదటి తరగతిలో 216 మందిలో 176 మందికి గది నంబరుంది. మూడో తరగతిలో 491 మందిలో 12 మందికే ఉంది. చరిత్రలో ఎవరి గది ఎవరికి గుర్తుంటుందో ఇంతకన్నా పొట్టిగా చెప్పలేమనుకుంటాను.

ధరల వరసలో అన్నిటికన్నా పెద్ద అంకె 512 పౌండ్ల పైచిలుకు. ఆ టికెట్టు మీద నలుగురు ప్రయాణించారు: కార్డెజా అనే ధనిక కుటుంబంలోని తల్లీ కొడుకూ, వాళ్ళ పనివాళ్ళిద్దరూ. వాళ్ళ గదులు బి51, బి53, బి55. మూడో తరగతిలో సగం మంది టికెట్టు ధర ఎనిమిది పౌండ్లు, కాదంటే అంతకన్నా తక్కువ. కార్డెజాల సూట్‌కి ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, దానికి సొంత ప్రామినేడ్ ఉంది. ఓడ పక్కవెంబడి దాదాపు 50 అడుగుల పొడవున, అద్దాల కిటికీలు బిగించిన సొంత నడవ. సరిగ్గా దీనికి ఎదురుగా ఓడ రెండో వైపున ఇంకొకటి ఉండేది. అందులో ఉన్నవాడు ఆ కంపెనీ పెద్ద, బ్రూస్ ఇస్మే. 1912లో, ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడలో, సొంత బయలు ఉన్న సూట్లు ఈ రెండే.

మిగతావాళ్ళందరికీ డెక్కే గతి. దాన్ని కూడా తరగతుల వారీగా గేట్లు పెట్టి పంచారు. కానీ పంచింది గుంపులకి. మనిషికింత అని కోయడం ఇంకా రాలేదు.

*

అంతకు ముందు సంగతి కూడా చెప్పాలి. ఏసీ లేని రోజుల్లో ఓడ కిటికీ చూడ్డానికి కాదు, ఊపిరి పీల్చుకోడానికి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఇంగ్లండ్ నుంచి తూర్పుకి వచ్చే దారి ఎర్రసముద్రం గుండా పడింది. ఆ ఎండలో ఇనప ఓడ లోపలి గది పొయ్యి మీద మూకుడు లాంటిది.

ఇక్కడే ఆ ప్రసిద్ధ కథ పుట్టింది. ఇండియాకి వెళ్ళేటప్పుడు ఎడమవైపు గది, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కుడివైపు గది తీసుకుంటే నీడ పట్టున ఉండొచ్చట. తెలిసిన పెద్దమనుషులు టికెట్టు మీద 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అని రాయించుకునేవాళ్ళట. ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'పాష్' అయిందట. వినడానికి ఎంత బావుంటుందో! కానీ అలాంటి ముద్ర ఉన్న టికెట్టు ఇంతవరకూ ఒక్కటీ బయటపడలేదు, నిఘంటువులవాళ్ళు ఈ కథని ఒప్పుకోరు. నీడ వైపు గదికి గిరాకీ ఉండటంలో మాత్రం వింతేమీ లేదు. నాన్న అడిగిన ఈస్ట్ ఫేసింగ్ ప్రశ్న ఆ దొరలు కూడా అడిగే ఉంటారు, కాకపోతే వాస్తు కోసం కాదు.

కథ అబద్ధమైనా, వేడి వల్ల పుట్టిన ఇంకో వస్తువు నిజంగా ఉంది. బిబ్బీ లైన్ అని లివర్‌పూల్‌కి చెందిన కంపెనీ. దాని ఓడలు కొలంబో మీదుగా బర్మాలోని రంగూన్‌కి నడిచేవి. ఆ కంపెనీ పేరుతోనే 'బిబ్బీ క్యాబిన్' అనే గది ప్లాను పేరుపడింది. గోడవార ఒక గది ఉంటుంది, దానికి లోపలివైపు ఇంకో గది. మామూలుగా అయితే లోపలి గదికి కిటికీ ఉండదు. బిబ్బీ ప్లానులో ఆ లోపలి గదిలోంచి ఒక సన్నటి సందు బయటి గది పక్కగా ఓడ గోడదాకా సాగుతుంది. ఆ సందు చివర ఒక గుండ్రటి కిటికీ. గది 'ఎల్' అక్షరంలా ఉంటుంది. మనిషి పట్టేంత సందు, దాని కొసన పళ్ళెమంత వెలుతురు. అంతే. కానీ లోపలి గది కాస్తా బయటి గది అయిపోయింది, ధర కూడా ఆ లెక్కనే.

ఈ ప్లాను చూసినప్పుడు నవ్వొచ్చింది. హైదరాబాదులో నేను బ్యాచిలర్‌గా ఉన్న గది సరిగ్గా ఇలాంటిదే. రెండు బిల్డింగుల మధ్య సందులోకి తెరుచుకునే కిటికీ, ఓనరు దాన్ని 'వెంటిలేషన్ ఉన్న గది' అనేవాడు.

తర్వాత ఫ్యాన్లతో గొట్టాల గుండా గాలి పంపే ఏర్పాటు వచ్చింది. ఆ గొట్టం మూతిలో గుండ్రంగా తిప్పుకునే బిళ్ళ ఒకటుంటుంది, పాత బస్సుల్లోనూ విమానాల్లోనూ మనం తల మీద చూసే రకం. దానికి ఇంగ్లీషులో పేరు 'పంఖా లూవర్'. మన పంఖాయే. మనుషులు తాడు పట్టుకుని లాగిన పంఖా పోయి, ఆ పేరు మాత్రం ఓడలెక్కి మిగిలిపోయింది. క్రూజ్ కంపెనీలు బాల్కనీని గొప్పగా 'వరాండా' అంటాయి కదా, ఆ మాట కూడా ఇంగ్లీషువాళ్ళు ఇండియాలో పట్టుకున్నదే.

*

రంగూన్ అనగానే నాకు నానమ్మ గుర్తొచ్చింది. ఆమె ఎప్పుడూ రంగూన్ అనలేదు, రంగం అనేది. "మా అయ్య రంగం ఎల్లాడు" అని మొదలుపెట్టేది.

బిబ్బీ ఓడలు లివర్‌పూల్ నుంచి వచ్చిన ఆ రేవుకే, మా తీరం నుంచి కూడా ఓడలు వెళ్ళేవి. కాకినాడ, విశాఖ, కళింగపట్నం లాంటి రేవుల నుంచి వేలాదిమంది తెలుగువాళ్ళు కూలికి బర్మా వెళ్ళారు. వరి మిల్లులు, ఓడరేవు మూటలు, రిక్షాలు, పాకీ పని. కాకినాడ పక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు కాబట్టి, బర్మాలో మొత్తం తెలుగు కూలీలందరికీ 'కోరంగీలు' అనే పేరు పడింది. శ్రీకాకుళంవాడైనా కోరంగీయే. 1930 మే నెలలో రంగూన్ రేవులో పని ఎవరిదన్న గొడవలో బర్మా కూలీలకీ తెలుగు కూలీలకీ మధ్య అల్లర్లు చెలరేగి, మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. ఆ వార్తల్లో వాళ్ళకున్న పేరు కూడా కోరంగీలే.

ఈ ఓడల్లో ఎక్కువభాగం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. పైన తెల్లవాళ్ళకీ డబ్బున్నవాళ్ళకీ కొన్ని గదులు. మిగతావాళ్ళు డెక్కు ప్రయాణికులు. గది ఉండదు, మంచం ఉండదు. మనిషికి ఇన్ని చదరపు అడుగులు అని చట్టం కొలిచి పెట్టింది, ఆ కొలతతో ఓడకి లైసెన్సు ఇచ్చేవాళ్ళు. కాకినాడలో ఓడ ఒడ్డుదాకా రాదు. దూరంగా సముద్రంలో లంగరు వేస్తే, పడవల్లో వెళ్ళి ఎక్కాలి.

నానమ్మ వాళ్ళ నాన్న చెప్పింది నానమ్మ చెప్పగా నాకు తెలిసినది ఇంతే. పడవ దిగగానే పరిగెత్తాలి. ముందు చాప పరిచినవాడిదే చోటు. పొగగొట్టం దగ్గర పరిస్తే వెచ్చగా ఉంటుంది కానీ మసి పడుతుంది. అంచున పరిస్తే గాలి బావుంటుంది కానీ రాత్రి అల కొడితే చాపా మనిషీ తడిసిపోతారు. మెట్ల పక్కన పరిస్తే తొక్కుతారు. కిందకెళ్తే వాంతుల వాసన. నాలుగు రోజులు అటుకులూ బెల్లమూ. "ఏ చోటు మంచిదో మా అయ్యకి తెల్సు, మూడుసార్లు ఎల్లొచ్చాడు" అని గర్వంగా చెప్పేది.

చిన్నప్పుడు ఈ మాటలు కథలా విన్నాను. బుకింగ్ పేజీ ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది, ఆమె చెప్పింది గదుల వర్గీకరణ. ఓడ మధ్యలో ఊపు తక్కువ, అంచున గాలి ఎక్కువ, మెట్ల దగ్గర చప్పుడు, పొగగొట్టం వెనక మసి. ఈ రోజుకీ అక్షరాలకీ అంకెలకీ వెనకున్న లెక్క అదే.

1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షలమంది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు. ఓడల్లో చోటు దొరకని వాళ్ళు అడవుల్లో పడి నడిచారు. ముత్తాత నడిచొచ్చాడు. ఇంటికొచ్చేసరికి సొంత కూతురు గుర్తుపట్టలేదట. మళ్ళీ ఓడెక్కలేదు.

ఆయన ఎక్కిన ఓడల పేర్లేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. టికెట్టు లేదు, ఉత్తరం లేదు. గదే లేనివాడికి గది నంబరు ఎక్కడిది? టైటానిక్ పట్టికలో నేను పారేసిన ఖాళీలు నాకు వేరేగా కనిపించడం అప్పుడు మొదలైంది.

ఇంకొకటి కూడా. ఆ కాలంలో ఆరుబయట పడుకోవడం అంటే పేదరికం. డబ్బున్నవాడు లోపల ఉంటాడు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీ లండన్ వెళ్ళింది పీ అండ్ ఓ కంపెనీ రాజ్‌పుతానా ఓడలో. రెండో తరగతి టికెట్టు తీసుకుని, ఎక్కువసేపు డెక్కు మీదే గడిపాడు, రాత్రిళ్ళు అక్కడే పడుకున్నాడు. జనం దాన్ని నిరాడంబరత అన్నారు. ఈ రోజు ఎవరైనా ఓడలో ఆరుబయట పడుకోవాలంటే మంచి బాల్కనీ కొనుక్కోవాలి. తొంభై ఏళ్ళలో బయలు విలువ తిరగబడింది. ఎలా?

*

ఒక మెట్టు ఫ్రాన్సులో పడింది. 1935లో నీళ్ళలో తిరగడం మొదలుపెట్టిన నార్మండీ ఓడలో దోవిల్, త్రూవిల్ అని రెండు మహా సూట్లు. వెనకవైపు సముద్రం మీదికి తెరుచుకునే సొంత టెర్రస్ వాటికి ఉండేది.

అసలు మార్పు 1961లో, పీ అండ్ ఓ వాళ్ళ కాన్బెర్రా ఓడతో వచ్చిందని నా లెక్క. బెల్‌ఫాస్ట్‌లో కట్టారు, ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా దారి కోసం. ఓడంతా ఏసీ. ఊపిరి కోసం కిటికీ అవసరం ఆ రోజుతో తీరిపోయింది. అయినా వాళ్ళు కిటికీ వదల్లేదు. 'కోర్ట్ క్యాబిన్లు' అని, ఓడ గోడ దగ్గర మొదలై లోపలికి పోయే ఒక నడవ చుట్టూ గదుల గుంపు పేర్చారు. నడవ చివరనున్న పెద్ద కిటికీ వెలుతురు లోపలి గదులకి కూడా అందేది. బిబ్బీ సందుకి ఇది మనవరాలు. తేడా ఒకటే: ఇక్కడ కావలసింది గాలి కాదు, వెలుతురు. కిటికీ అవసరం నుంచి సరదాకి మారిన చోటు ఇది.

కాన్బెర్రా చేసిన రెండో పని ఇంకా ముఖ్యం. అప్పటిదాకా చాలా ఓడల్లో లైఫ్‌బోట్లు పై డెక్కున వరసగా వేలాడేవి. కాన్బెర్రాలో వాటిని మూడు అంతస్తుల కిందికి దింపి, ఓడ పక్కల్లో గూళ్ళు చేసి పెట్టారు. దాంతో పైనున్న గోడంతా ఖాళీ అయింది. ఆ ఖాళీ గోడే రేపటి రియల్ ఎస్టేట్ అని అప్పుడు ఎవరైనా అనుకున్నారో లేదో.

అనుకున్నవాళ్ళు 1984లో వచ్చారు. ఫిన్లండ్‌లోని హెల్సింకిలో వార్ట్‌సిలా కంపెనీ కట్టిన రాయల్ ప్రిన్సెస్. ఆ నవంబరులో సౌతాంప్టన్‌లో దానికి నామకరణం చేసింది డయానా. ఆ ఓడలో లోపలి గది అనేదే లేదు, ప్రతి ప్రయాణికుడి గదికీ సముద్రం. ఎలా కుదిరిందంటే, ఓడని తలకిందులు చేశారు. అప్పటిదాకా భోజనశాలలూ హాళ్ళూ పైన, గదులు కింద ఉండేవి. ఇందులో హాళ్ళు కిందికి, గదులు పైకి. పైన ఓడ గోడ సన్నబడుతుంది కాబట్టి అన్ని గదులూ అంచుకే వస్తాయి. సూట్లకే కాదు, కొన్ని మామూలు గదులకి కూడా సొంత బాల్కనీ పెట్టారు.

అదే కాలంలో గదిని ఫ్యాక్టరీలోనే బాత్రూముతో సహా డబ్బాలా తయారుచేసి, తెచ్చి ఓడలోకి తోసే పద్ధతి బలపడింది. అన్ని డబ్బాలూ ఒకే కొలత, సన్నటి వైపు సముద్రానికి. మూడు మీటర్ల లోపు వెడల్పులో ఒక తలుపు, ఒక బాల్కనీ. అపార్టుమెంటు లెక్క. 1995లో వచ్చిన సన్ ప్రిన్సెస్‌లో వందల గదులకి బాల్కనీలు. 2000 దాటేసరికి కొత్త ఓడని పక్కనుంచి చూస్తే ఓడలా కాకుండా కూకట్‌పల్లి గేటెడ్ కమ్యూనిటీలా కనిపించడం మొదలైంది.

మా ఊళ్ళో పాత పెంకుటింటికి వీధి అరుగు ఉండేది. ఇల్లు మాది, అరుగు అందరిదీ. ఎండలో వచ్చిన పోస్టుమాన్, పాలవాడు, ఎవరో తెలియని ముసలాయన, ఎవరైనా కూర్చోవచ్చు. నాన్న ఆ ఇల్లు పడగొట్టి అపార్టుమెంటుకి ఇచ్చాక అరుగు పోయి, ప్రతి ఫ్లాటుకీ ఒక బాల్కనీ వచ్చింది. చదరపు అడుగుల లెక్కలో చూస్తే అరుగు కన్నా ఎక్కువే. కానీ ఒకరి బాల్కనీలో ఇంకొకరు కూర్చోరు. ఓడలో జరిగింది సరిగ్గా ఇదే. డెక్కు ఓడకి అరుగు. దాన్ని ముక్కలు కోసి గదులకి తగిలించారు. ఓడ చుట్టూ పూర్తిగా నడిచి రాగలిగే ప్రామినేడ్ డెక్కు కొన్ని కొత్త ఓడల్లో అసలు లేదు.

*

ఇది తెలిశాక ఆ డజను రకాల బాల్కనీలు అయోమయంగా అనిపించలేదు. ఒక్కో అక్షరం వెనక ఒక్కో ఇబ్బంది, దానికి ఎవరో ఇంజనీరు చేసిన సర్దుబాటు.

లైఫ్‌బోటు అడ్డొచ్చే బాల్కనీ ఉంది, ఎందుకంటే బోట్లు కిందికి దిగినా ఎక్కడో ఒకచోట ఉండాలి. వాటి నెత్తినున్న వరస గదులకి సముద్రం బదులు నారింజరంగు కప్పు కనిపిస్తుంది. చవక. మనిషి ప్రాణం కాపాడే వస్తువుకి డిస్కౌంటు ఇచ్చే చోటు ఇదొక్కటేనేమో.

ఉక్కు గోడలో తొలిచిన బాల్కనీ 2004 నాటి క్వీన్ మేరీ 2లో చూడొచ్చు. శీతాకాలపు అట్లాంటిక్ దాటాల్సిన ఓడ అది, కింది అంతస్తుల్లో గాజు రెయిలింగు పెడితే అల తన్నుకుపోతుంది. అందుకని గోడ అలాగే ఉంచి కిటికీలా పెద్ద రంధ్రం కోశారు. నిలబడితే సముద్రం, కూర్చుంటే ఉక్కు.

ఓడ పెద్దదయ్యేకొద్దీ ఇంకో చిక్కు. లోపలి ఘనపరిమాణం పెరిగినంతగా చుట్టుకొలత పెరగదు. గదులు పెంచాలంటే గోడ చాలదు. 2009లో ఒయాసిస్ ఆఫ్ ద సీస్ దీనికి చెప్పిన జవాబు, ఓడ పైభాగాన్ని మధ్యలో నిలువునా చీల్చడం. ఆ లోయలో వేల మొక్కలతో పార్కు. దానివైపు తిరిగిన బాల్కనీలు. సముద్రం మీద ఉండి సముద్రం కనిపించని బాల్కనీ! 2014లో ఇదే కంపెనీ ఇంకో అడుగు వేసి, కిటికీ లేని గదిలో నేల నుంచి పైదాకా 80 అంగుళాల తెర పెట్టి, బయటి కెమెరా చూపించే సముద్రాన్ని అందులో వేసింది. నా వృత్తివాళ్ళ చేతిపని. దానికి కూడా ఒక అక్షరం, ఒక ధర.

2018లో సెలెబ్రిటీ ఎడ్జ్ ఓడ బాల్కనీని గదిలోకి కలిపేసింది. గది ఓడ అంచుదాకా వస్తుంది, మీట నొక్కితే అద్దం పైసగం కిందికి జారుతుంది. దీన్ని గొప్ప ఆవిష్కరణ అన్నారు. బాల్కనీకి స్లైడింగ్ కిటికీలు వేయించి గదిలో కలుపుకోవడం హైదరాబాదులో ప్రతి ఫ్లాటు ఓనరుకీ తెలిసిన విద్యే.

వీటన్నిటి మధ్యలో ఒక విషాదం. 2006 మార్చి 23, తెల్లవారుజామున స్టార్ ప్రిన్సెస్ ఓడ జమైకా వైపు వెళ్తోంది. ఒక బాల్కనీలో నిప్పంటుకుంది. ఎవరో పారేసిన సిగరెట్టు అయ్యుంటుందని దర్యాప్తు తేల్చింది. బాల్కనీల మధ్య అడ్డుగోడలు ప్లాస్టిక్, కింద పరిచిన పలకలు ప్లాస్టిక్, కుర్చీలు ప్లాస్టిక్. మంట నిమిషాల్లో పైకీ పక్కకీ పాకింది. 79 గదులు కాలిపోయాయి, ఒక ప్రయాణికుడు పొగకి చనిపోయాడు. గదిలో స్ప్రింక్లర్లున్నాయి, బాల్కనీలో లేవు. ఎందుకంటే అగ్నిమాపక నియమాల దృష్టిలో బాల్కనీ అంటే బయట, బయట మంటకి నియమం అక్కర్లేదని అనుకున్నారు. వందేళ్ళుగా ఓడల వాళ్ళు బయలుని కొంచెం కొంచెంగా లోపలికి లాగారు. అది లోపలికి వచ్చేసిందని చట్టం ఆ మంట దాకా గమనించలేదు. 2008 జూలై 1 నుంచి అంతర్జాతీయ నియమాలు మారాయి. అడ్డుగోడలు కాలనివై ఉండాలి, కుర్చీలూ బల్లలూ సులభంగా అంటుకోనివి ఉండాలి, లేదంటే బాల్కనీలో కూడా మంటని పసిగట్టే, ఆర్పే ఏర్పాట్లు ఉండాలి.

*

మేం తీసుకున్నది ఓడ మధ్యలో, పైన కిందా గదులే ఉన్న అంతస్తులో, అడ్డు లేని మామూలు బాల్కనీ. కారణం నాన్న మోకాళ్ళూ అమ్మ కడుపూ. ఓడ ఊపు ఉయ్యాలబల్ల లాంటిది, మధ్యలో కూర్చున్నవాడికి తక్కువ. పైనా కిందా గదులుంటే అర్ధరాత్రి కుర్చీలు లాగే చప్పుడు ఉండదు. లిఫ్టు దగ్గర్లోనే, మరీ ఎదురుగా కాదు. ఎవరైనా అడిగితే ఇంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కుడా ఎడమా అన్న బెంగ కూడా అక్కర్లేదు, మంచుకొండ ముందు ఓడని నిదానంగా గుండ్రంగా తిప్పుతారు, అన్ని గదులకీ వంతు వస్తుంది.

రెండో రోజు పొద్దున అమ్మ ఉతికిన చీరని బాల్కనీ కుర్చీల మీద ఆరేసింది. గది చూసే అబ్బాయి వచ్చి, బయట బట్టలు ఆరేయకూడదమ్మా, నిప్పు, గాలి అని సైగలతో సర్ది చెప్పాడు. అమ్మ నొచ్చుకుంది. "ఇంత డబ్బు పోసి కొన్న అరుగు మీద చీర ఆరేసుకోడానికి లేదా?" నేను 2006 సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చీర తనే మడిచి లోపల పెట్టింది.

నాన్న మొదటి రోజంతా బాల్కనీలోనే కూర్చున్నారు. రెండో రోజు సాయంత్రానికి విసుగెత్తింది. "పక్కన ఎవరో దగ్గుతున్నారు, ఎవరో తెలీదు," అన్నారు. అడ్డుగోడ మనిషి కన్నా ఎత్తు. మూడో రోజు నుంచి లిఫ్టెక్కి పైన డెక్కు మీదకి పోవడం మొదలుపెట్టారు. అక్కడ ఒక ఫిలిప్పీన్స్ తాతగారితో స్నేహం కుదిరింది. ఇద్దరికీ కలిసి వచ్చిన ఇంగ్లీషు వంద మాటలు ఉండవు. అమ్మ మాత్రం బాల్కనీ వదల్లేదు. పొద్దున్నే కాఫీ పట్టుకుని, ఎవరూ చూడకుండా, నైటీలో సముద్రం ముందు కూర్చోవడం తన జీవితంలో మొదటిసారి అంది. అరుగు మీద ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చునే వీలు ఎప్పుడుండేది, అని కూడా అంది. ఆ మాట విన్నాక నా అరుగు సిద్ధాంతం మీద నాకున్న నమ్మకం సగం తగ్గింది. ముత్తాత ఓడల్లో ఆడవాళ్ళు నాలుగు రోజులు ఎలా గడిపారో నానమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.

దిగే ముందు రాత్రి నాన్న బాల్కనీలో ఈ చివరి నుంచి ఆ చివరికి అడుగులు వేసి కొలిచారు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను.

"రెండు చాపలు పడతాయి," అన్నారు. కాసేపాగి, "ఇరుకుగా వేస్తే మూడు."

"ఎవరికి?"

"మా తాతకొకటి," అన్నారు నాన్న. లోపలికొచ్చి తలుపు వేసేశారు, చలి గాలికి.